పాలబండి ఇంజనులో నీళ్ళు కారుతున్నవా? ఇంటివద్దనే చేసుకోదగిన మరమ్మతులు

(నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాల పాల సంఘాల సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇటువంటి సమావేశాలలో సాధారణంగా పచ్చిమేత గురించి, దూడల పోషణ గురించి, వెన్న శాతం గురించి మాట్లాడుకుంటాం. ఈ రోజు మేము ఇంజను గురించి నాలుగు మాటలు చెప్పదలచాము. పాల సంఘానికి ఇంజనుతో ఏం పని అని కొందరికి తోచవచ్చు. సాయంత్రం పాలు కొలిచి, క్యాన్లు నింపి, బండికి ఎక్కించిన తరువాత అవి శీతలీకరణ కేంద్రం చేరే దాకా ఆ పాల బాగోగులు ఇంజను చేతిలోనే ఉంటాయి.

లెక్క చూడండి. పొదుగు నుండి వచ్చిన పాలు 37 డిగ్రీల వెచ్చదనంతో ఉంటాయి. పాలకు పుట్టుకతో ఉండే రక్షణ శక్తి రెండు మూడు గంటలకు మించి నిలవదు. ఆ తరువాత ఈ వెచ్చదనంలో సూక్ష్మజీవులు అరగంటకు ఒకమారు రెట్టింపవుతూ పోతాయి. 4 డిగ్రీలకు చల్లబరచిన తరువాతనే వాటి జోరు తగ్గుతుంది. మన మెట్ట ప్రాంతంలో మే నెలలో ఎండ 44, 45 డిగ్రీలకు పోవడం మీరెరుగని సంగతి కాదు. అటువంటి రోజున దారిలో ఇంజను ఆవిర్లు కక్కి గంటన్నర ఆగిపోతే, పరీక్షలో పాలు కాచగానే విరుగుతాయి. నలభై లీటర్ల క్యాన్లు ఇరవై ఉన్న బండిలో 800 లీటర్లు ఉంటాయి. వాటిని మీకు వచ్చే ధరతో హెచ్చవేసి చూసుకోండి. దానికి కారణమైన రబ్బరు గొట్టం ధర ఆ మొత్తంలో వందో వంతు కూడా ఉండదు. బల్క్ కూలర్లు వచ్చిన ఊళ్ళలో ఈ బాధ కొంత తగ్గిన మాట నిజమే. కాని చుట్టుపక్కల ఊళ్ళ నుండి ఆ కూలరు దాకా పాలు తెచ్చే బండ్లలో చాలావరకు పదిహేను, ఇరవై ఏళ్ళ నాటివే. వాటిని గురించే మా మాటలన్నీ.

ముందుగా ఈ నీళ్ళ పని ఏమిటో చూద్దాం. మనం పోసిన డీజిలులోని శక్తిలో సుమారు మూడో వంతు మాత్రమే బండిని నడుపుతుంది. ఇంచుమించు మరొక మూడో వంతు వేడిగా మారి ఇంజను గోడలలోకి దిగుతుంది. మిగిలినది పొగగొట్టం గుండా పోతుంది. గోడలలోకి దిగిన ఆ వేడిని నీళ్ళు మోసుకొని వచ్చి ముందున్న రేడియేటరులో గాలికి వదలిపెడతాయి. పాలకు చిల్లరు ఎటువంటిదో ఇంజనుకు రేడియేటరు అటువంటిది. చిల్లరులో పలుచని పలకలకు ఒకవైపు పాలు, మరొకవైపు చల్లనీళ్ళు పారుతాయి. ఇక్కడ సన్నని గొట్టాల లోపల నీళ్ళు, బయట గాలి. 1901లో జర్మనీలో మెర్సిడెస్ మోటారుకు విల్హెల్మ్ మేబాక్ అనే ఇంజనీరు తేనెపట్టువంటి రేడియేటరును అమర్చాడు. అంతకుముందు బండ్లు మోయవలసి వచ్చిన నీటి బరువు దానితో బాగా తగ్గింది. ఆనాటి నుండి ఈనాటి వరకు సూత్రం మారలేదు.

నీళ్ళు చుట్టూ తిరగడానికి పంపు ఉంది. దీనిని మన మెకానిక్కులు వాటర్ బాడీ అంటారు. ఇంజను తగినంత వేడెక్కే వరకు నీళ్ళను రేడియేటరుకు పోనీయకుండా ఆపడానికి థర్మోస్టాటు ఉంది. పైన ఒక గొట్టం, కింద ఒక గొట్టం, అన్నిటికీ మీద బిగుతైన మూత. నీళ్ళు కారేది వీటిలో ఎక్కడో ఒకచోటనే. కాబట్టి బాగుచేయడం కంటె కారే చోటును కనిపెట్టడమే పెద్ద పని.

కాని మన బండ్లవారిలో చాలామంది అలా వెతకరు. రోజూ పొద్దున రెండు లీటర్లు పోసి బయలుదేరుతారు. దారిలో ఎక్కడ నీళ్ళు కనిపిస్తే అక్కడ మరి రెండు లీటర్లు పోస్తారు. ఒక ఊరిలో మేము డ్రైవరును అడిగాము. "నీళ్ళు ఎక్కడ కారుతున్నాయి తమ్ముడూ?" అంటే, "ఏమో బాబాయ్, తాగుతోంది, పోస్తున్నాను" అన్నాడు. గేదె తాగిన నీళ్ళు పాలై వస్తాయి గాని, ఇంజను నీళ్ళు తాగితే వచ్చేది ఖర్చు మాత్రమే. మంచి స్థితిలో ఉన్న బండికి నెలల తరబడి నీళ్ళు పోయవలసిన అవసరం ఉండదు. వారంలో రెండుసార్లు పోయవలసి వచ్చిందంటే ఎక్కడో కారుతున్నదనే అర్థం.

పనిలోకి దిగే ముందు ఒక హెచ్చరిక. వేడిగా ఉన్న ఇంజను రేడియేటరు మూతను ఎన్నడూ తీయవద్దు. లోపల నీళ్ళు వత్తిడి మీద ఉంటాయి. వత్తిడి ఉన్నంతసేపు 110 డిగ్రీల వద్ద కూడా అవి నీళ్ళుగానే ఉంటాయి. మూత వదులు చేసిన క్షణంలో ఆవిరై ముఖం మీదికి, చేతుల మీదికి ఎగజిమ్ముతాయి. తడి గుడ్డ అడ్డం పెట్టి తీయవచ్చునని కొందరంటారు. ఆ గుడ్డ ఆవిరిని ఆపదు. ఇంజను ఆపి, కనీసం అరగంట, వేసవిలో అయితే ముప్పావు గంట ఆగండి. పై గొట్టాన్ని చేతితో పట్టుకొని చూడండి. చెయ్యి హాయిగా నిలిచి, గొట్టం నొక్కితే మెత్తగా ఉంటేనే మూత ముట్టుకోండి. ఒకవేళ ఎవరికైనా కాలితే ఇరవై నిమిషాలపాటు మామూలు చల్లనీటి ధార కింద ఉంచి ఆసుపత్రికి తీసుకొని వెళ్ళండి. సిరా, టూత్‌పేస్టు, నెయ్యి వంటివి పూయవద్దు. అదే విధంగా సలసల కాగుతున్న ఇంజనులో ఒక్కసారిగా చల్లనీళ్ళు గుమ్మరించినా హెడ్డు పగిలే ప్రమాదం ఉంది. కాలిన పెనం మీద నీళ్ళు చల్లితే ఏమవుతుందో అక్కడా అదే అవుతుంది.

ఇక కారే చోటును పట్టుకొనే విధానం. రాత్రి బండిని చదునైన చోట నిలిపి, ఇంజను కింద ఒక అట్టగాని, తెల్లటి యూరియా సంచి విప్పి గాని పరవండి. తెల్లవారి ఎక్కడ తడి ఉన్నదో చూడండి. అట్ట మీద ముందు భాగంలో తడి ఉంటే రేడియేటరు లేదా కింది గొట్టం. ఫ్యాను కింద ఉంటే పంపు. పక్కన ఉంటే ఇంజను బ్లాకు. ఒక్కొక్కసారి చల్లగా ఉన్నప్పుడు చుక్క కూడా కారదు. వేడెక్కి వత్తిడి పెరిగినప్పుడే కారుతుంది. అటువంటప్పుడు అనుమానం ఉన్న చోట్లను గుడ్డతో పొడిగా తుడిచి, కాస్త ముగ్గుపిండి అద్ది, ఇంజను పది నిమిషాలు నడిపి ఆపి చూస్తే తెల్లటి పిండి మీద తడి చార స్పష్టంగా కనబడుతుంది. పిండి బెల్టు మీద పడకుండా చూసుకోండి. పైట చెంగులు, కండువాలు, వదులు చొక్కాలు తిరిగే ఫ్యాను దగ్గరకు రానీయకండి. ఎండిపోయిన చోట తెల్లగాగాని, తుప్పు రంగులోగాని, కూలెంటు పోసిన బండి అయితే పచ్చగాగాని మరక మిగులుతుంది. నీళ్ళు పైనుండి కిందికి జారుతాయి కాబట్టి మరక వెంట పైకి పోయి, అది మొదలైన చోటును చూడాలి. కింద చుక్క పడేచోట అతుకు వేసి పైన కారుతున్న గొట్టాన్ని వదిలేసినవారిని చూశాము.

మా అనుభవంలో పాత బండ్లకు మొదట అనుమానించవలసినవి గొట్టాలు, వాటి క్లిప్పులు. రబ్బరు వేడికి, ఆయిలు మరకలకు నాలుగైదేళ్ళలో చచ్చుబడుతుంది. చల్లగా ఉన్నప్పుడు గొట్టాన్ని బొటనవేలితో నొక్కి చూడండి. కర్రలాగా గట్టిపడినా, పాత తోలులాగా పగుళ్ళు ఇచ్చినా, క్లిప్పు పక్కన ఉబ్బినా, మరీ మెత్తబడినా దాని పని అయిపోయినట్లే. క్లిప్పు దగ్గర మాత్రమే కారుతూ గొట్టం బాగుంటే మార్చనవసరం లేదు. నీళ్ళు దించి, క్లిప్పు వదులు చేసి, గొట్టాన్ని మెల్లగా తిప్పుతూ ఊడదీయండి. స్క్రూడ్రైవరు దూర్చి పెకలించవద్దు. పాత రేడియేటరు మూతి పలుచగా ఉంటుంది, వంగిపోతుంది. ఆ మూతి మీద పేరుకున్న తుప్పును, సున్నపు పొరను సన్న గరుకు కాగితంతో రుద్ది నునుపు చేయండి. కారడానికి కారణం సగం సార్లు ఆ గరుకుతనమే. గొట్టం పొడవు చాలితే చెడిన చివరను ఒక అంగుళం కోసివేయవచ్చు. తిరిగి ఎక్కించేటప్పుడు కాస్త నీళ్ళు రాస్తే సులువుగా జారుతుంది, గ్రీజు రాయవద్దు. క్లిప్పును మూతి అంచుకు లోపలగా, అంచు మీదికి పోకుండా బిగించండి. మరీ బిగిస్తే రబ్బరు తెగుతుంది. బండి ఒక సర్వీసు తిరిగి వచ్చి చల్లారిన తరువాత మరొక అర మర బిగిస్తే సరిపోతుంది.

దారిలో గొట్టం చిట్లితే ఏమి చేయాలి? పాత సైకిలు ట్యూబును రెండు వేళ్ళ వెడల్పున పట్టీగా కోసి ఉంచుకోండి. చల్లారిన తరువాత చిట్లిన చోటును తుడిచి, పట్టీని బాగా సాగదీస్తూ నాలుగైదు చుట్లు చుట్టి, రెండువైపులా బైండింగు తీగతో కట్టండి. నీళ్ళు నింపి, రేడియేటరు మూతను మొదటి గాడి వరకే తిప్పి వదిలితే లోపల వత్తిడి పెరగదు, కట్టు నిలుస్తుంది. కాని వత్తిడి లేకపోతే నీళ్ళు తొందరగా మరుగుతాయి. అందుచేత నిదానంగా, మధ్యమధ్య ఆగి చూసుకుంటూ పోవాలి. ఇది కేంద్రానికి చేరడానికే. మరునాడు కొత్త గొట్టం పడవలసిందే.

మూత సంగతి. చూడడానికి డబ్బా మూతలాగా ఉంటుంది గాని అది ఒక వాల్వు. దాని మీద 0.9 అనో, 7 అనో అంకె ఉంటుంది. 0.9 అంటే గాలి వత్తిడికి ఇంకా 0.9 బారు అదనంగా నిలబడుతుందని, 7 అంటే 7 పౌండ్లని అర్థం. 0.9 మూత సరిగా పనిచేస్తే నీళ్ళు 118 డిగ్రీల దాకా మరగవు. లోపలి రబ్బరు వాషరు ఎండి చిట్లితే అవే నీళ్ళు 100 డిగ్రీలకే మరిగి, పక్క గొట్టం గుండా బయటికి పోతాయి. బండివారు రేడియేటరు అంతా విప్పించి డబ్బు పోసిన తరువాత, చివరకు తప్పు మూతదని తేలిన సందర్భాలు తక్కువ కాదు. అదే అంకె ఉన్న మూతనే కొనండి. ఎక్కువ అంకె మూత బిగిస్తే మంచిదే కదా అని అనుకోవద్దు. పాత రేడియేటరు ఆ వత్తిడికి అతుకుల దగ్గర విచ్చుకుంటుంది.

పంపు కింద ఒక చిన్న రంధ్రం ఉంటుంది. లోపలి సీలు అరిగినప్పుడు నీళ్ళు ఆ రంధ్రం నుండి చుక్కలుగా కారుతాయి. అది మనకు సమాచారం ఇవ్వడానికి పెట్టిన రంధ్రం. దానిని ఎం-సీలుతో మూసిన మహానుభావులు ఉన్నారు. మూస్తే నీళ్ళు బేరింగులోకి పోతాయి, పంపు విరిగి ఫ్యాను రేడియేటరును కోసేస్తుంది. ఆ చుక్క కనబడితే పంపు మార్చాలి. స్పానర్లు పట్టడం వచ్చినవారు కొన్ని బండ్లకు ఇంటి దగ్గరే మార్చుకోవచ్చును. గాస్కెట్ కొత్తది వేయాలి, పాత గాస్కెట్ ముక్కలు పూర్తిగా గీకివేయాలి. అదే సమయంలో ఫ్యాను బెల్టు కూడా చూడండి. మధ్యలో బొటనవేలితో నొక్కితే అర అంగుళం దిగాలి.

రేడియేటరే కారుతుంటే అది దేనితో చేసినదో చూడాలి. పాత బండ్లకు ఇత్తడి, రాగి రేడియేటర్లు ఉంటాయి. వీటికి మాటు వేయించుకోవచ్చు. ఆ పని రేడియేటరు పనివారి దగ్గరే చేయించండి. ఇంట్లో కాల్చిన ఇనుముతో చేస్తే పక్క అతుకు ఊడుతుంది. తరువాత వచ్చిన బండ్లకు అల్యూమినియం గొట్టాలు, ప్లాస్టిక్ తొట్లు. వీటికి మాటు పడదు. సన్నని పగులుకు ఎం-సీలు పెట్టి ఒకటి రెండు రోజులు నడుపుకోవచ్చును గాని, చివరకు మార్చవలసినదే.

ఇక్కడ పసుపు గురించి చెప్పకపోతే మీరే అడుగుతారు. కారే రేడియేటరులో గుప్పెడు పసుపు వేయడం మన డ్రైవర్లకు తాతలనాటి విద్య. అది అబద్ధం కాదు. సూది మొనంత రంధ్రమైతే పసుపు పొడి నాని, ఉబ్బి, అక్కడ చేరి మూస్తుంది. కాని ఆ పొడికి ఏది రంధ్రమో, ఏది గొట్టమో తెలియదు. రేడియేటరు సన్న గొట్టాలలో కూడా చేరి ముద్ద కడుతుంది. రాత్రివేళ దారిలో వేరే గతి లేనప్పుడు రెండు చెంచాలు వేసి ఇల్లు చేరితే మేము తప్పు పట్టము. మరునాడు నీళ్ళన్నీ దించి కడగాలి. నెలకొకసారి పసుపు వేస్తూ పోయేవారు ఆ పసుపును కూరలో వేసుకోవడం మేలు. బజారులో సీసాలలో అమ్మే లీకు మందుల సంగతి కూడా దాదాపు ఇంతే.

బయట ఎక్కడా చుక్క లేదు, కాని నీళ్ళు తగ్గుతున్నాయి అంటే జాగ్రత్తపడాలి. తెల్లవారుజామున, ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మూత తీసి స్టార్టు చేసి చూడండి. నీళ్ళలో బుడగలు ఆగకుండా వస్తుంటే హెడ్ గాస్కెట్ పోయినదని దాదాపు నిర్ధారణ. ఆయిలు కర్ర తీసి చూడండి. ఆయిలు నల్లగా ఉండవలసినది పాలు పోసిన కాఫీలాగా ఉంటే నీళ్ళు ఆయిలులో కలుస్తున్నాయి. పొగగొట్టం నుండి ఇంజను వేడెక్కిన తరువాత కూడా తెల్లటి ఆవిరి ఆగకపోతే నీళ్ళు సిలిండరులోకి పోతున్నాయి. ఈ మూడింటిలో ఏది కనిపించినా ఇంటి వైద్యం మానివేయండి. ఒక్క సర్వీసు కూడా తిప్పవద్దు. ఆయిలులో నీళ్ళు కలిస్తే బేరింగులు పోతాయి. సిలిండరులో నీళ్ళు నిలిస్తే, నీళ్ళు గాలిలాగా అణగవు కాబట్టి, కనెక్టింగు రాడ్డు వంగుతుంది. బండిని తాడు కట్టి మెకానిక్కు దగ్గరకు చేర్చండి. ఆ పూట పాలకు మరొక బండి మాట్లాడుకోండి.

మరొక మాట. మీటరు ముల్లు కిందనే ఉంది కదా అని నిశ్చింతగా ఉండవద్దు. నీళ్ళు బాగా తగ్గిపోతే మీటరుకు సంబంధించిన సెన్సరు నీళ్ళలో కాక గాలిలో ఉంటుంది. అప్పుడు ఇంజను కాలిపోతున్నా ముల్లు చల్లగా చూపవచ్చు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాము. పై మరమ్మతులన్నీ ఏ ప్రాంతం వారికైనా ఒకటే. మన ప్రాంతానికి ప్రత్యేకమైన శత్రువు మరొకటి ఉన్నది. అది మనం పోసే నీళ్ళే.

2022లో ఎన్.టి.ఆర్. జిల్లా ఏర్పడే వరకు కృష్ణా జిల్లా మెట్టగా పిలిచిన ఈ నేల కింద, ముఖ్యంగా జగ్గయ్యపేట వైపు, సున్నపురాయి ఉన్నది. జగ్గయ్యపేట చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చినది ఆ రాయి కోసమే. అంతకు రెండువేల ఏళ్ళ ముందు ధనంబోడు స్తూపానికి బౌద్ధులు శిల్పాలు చెక్కినదీ ఈ జాతి రాతి పలకల మీదనే. సిమెంటుకు, శిల్పానికి ఆ రాయి ఎంత మంచిదో, రేడియేటరుకు అంత చెడ్డది. రాతి పొరల గుండా దిగిన వాననీరు సున్నాన్ని కరిగించుకొని బోరులోకి వస్తుంది. ఆ నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కట్టడం మన ఆడవారు రోజూ చూస్తున్నదే. ఇంజనులో రోజంతా జరిగేది అదే. కారుతున్నది కదా అని రోజూ రెండు లీటర్ల బోరు నీళ్ళు పోసేవారు, రోజూ కాస్త సున్నం పోస్తున్నారు. కారిపోయినవి నీళ్ళు, ఆవిరైనవి నీళ్ళు, లోపల మిగిలినది సున్నం. ఆ పొర వేడిని బయటికి పోనీయదు. ఇంజను మరింత వేడెక్కుతుంది, గొట్టాలు మరింత త్వరగా పోతాయి, మళ్ళీ కారుతుంది, మళ్ళీ పోస్తారు. లీకును ఆపడం ఎందుకు అవసరమో ఈ ఒక్క కారణం చాలు.

మీ క్యాన్లలో, కూలరులో కట్టే పాలరాయి పొర వంటిదే ఇది కూడా. అయితే ఆ పోలికను మరీ దూరం తీసుకొనిపోవద్దు. క్యాన్లు కడిగే కాస్టిక్ సోడాను రేడియేటరులో పోస్తే మంచిదేమోనన్న ఆలోచన కొందరికి వచ్చింది. కాస్టిక్ సోడా అల్యూమినియంను తినివేస్తుంది. థర్మోస్టాటు గూడు, పంపు, కొత్తరకం రేడియేటర్లు చాలావరకు అల్యూమినియమే. పాలరాయికి వాడే నైట్రిక్ ఆమ్లం కూడా వద్దు. చల్లారిన ఇంజను నుండి నీళ్ళు దించి, ట్యాపు గొట్టంతో కింది మూతి నుండి పై మూతికి, అంటే మామూలుగా పారే దిక్కుకు ఎదురుగా, తేట నీళ్ళు వచ్చేదాకా కడగండి. అంతకు మించి గట్టిపడితే రేడియేటరు పనివారు విప్పి కడ్డీ కొట్టి శుభ్రం చేస్తారు.

మరి ఏ నీళ్ళు పోయాలి? మన ఊళ్ళలో తాగేనీటి ప్లాంట్లు వచ్చాయి. ఇరవై లీటర్ల క్యానులో వచ్చే ఆర్.ఓ. నీళ్ళలో సున్నం చాలా తక్కువ. బ్యాటరీకి పోసే డిస్టిల్డు నీళ్ళు ఇంకా మంచివి. మొదటి వాన వదిలి రెండో వానకు శుభ్రమైన తొట్టిలో పట్టిన నీళ్ళు కూడా పనికి వస్తాయి. ఒట్టి మంచినీళ్ళు పోసి వదిలినా లోహం తుప్పు పడుతుంది. అందుకే కూలెంటు కలపాలి. మనకు మంచు కురవదు, కూలెంటు ఎందుకు అనేవారికి మా జవాబు ఇది: మనకు కావలసింది దానిలోని తుప్పు నివారించే మందులు, మరిగే వేడిని పెంచే గుణం. సగానికి సగం కలిపితే వత్తిడి లేకుండానే సుమారు 107 డిగ్రీల దాకా మరగదు. మీ బండికి ఎంత పాళ్ళు కలపాలో కంపెనీ పుస్తకంలో ఉంటుంది. రెండు రంగుల కూలెంట్లను ఒకదానిలో ఒకటి కలపవద్దు.

ఎండకు ఇంజను వేడెక్కుతోందని థర్మోస్టాటు పీకి పారవేయడం మన వైపు మరొక అలవాటు. ఇంజను ఎప్పుడూ చల్లగా నడిస్తే డీజిలు సరిగా కాలదు, సిలిండర్లు త్వరగా అరుగుతాయి. కొన్ని ఇంజన్లలో అయితే థర్మోస్టాటు లేకపోతే నీళ్ళు రేడియేటరుకు పోకుండా అడ్డదారిన తిరిగి వస్తాయి, వేడి తగ్గకపోగా పెరుగుతుంది. చెడితే కొత్తది వేయండి.

బయటివైపు కూడా చూడాలి. పత్తి ఏరే రోజులలో దూది పింజలు, వరికోతలప్పుడు ఊక, పొట్టు రేడియేటరు రెక్కలలో చేరతాయి. 2023 జులైలో, మళ్ళీ 2024 సెప్టెంబరులో మున్నేరు పొంగి ఐతవరం వద్ద హైవే మీదికి వచ్చినప్పుడు నీళ్ళలో నడిచిన బండ్లకు బురద పట్టింది. ఆ బురద ఎండితే ఇటుకలాగా గాలిని ఆపుతుంది. వెనుక నుండి ముందుకు, తక్కువ ధారతో నీళ్ళు కొట్టి కడగండి. గట్టి ధార కొడితే రెక్కలు వంగిపోతాయి.

మరమ్మతు అయిన తరువాత నీళ్ళు నింపడంలో తొందర పనికిరాదు. బండి ముక్కు కాస్త ఎత్తుగా ఉండేటట్లు నిలిపి, సన్నధారగా పోయండి. మధ్యలో పై గొట్టాన్ని పిసుకుతూ ఉంటే లోపలి గాలి బుడగలుగా వస్తుంది. నిండిన తరువాత చల్లగా ఉన్నప్పుడే, మూత పెట్టకుండా ఇంజను స్టార్టు చేసి నిదానంగా తిరగనీయండి. పై గొట్టం వేడెక్కగానే థర్మోస్టాటు తెరుచుకొని నీళ్ళు ఒక్కసారిగా దిగుతాయి. అప్పుడు మిగిలినది పోసి మూత బిగించండి. ముఖం వంచి లోపలికి తొంగిచూడవద్దు.

చివరగా పశువులున్న ఇళ్ళకు ఒక ముఖ్యమైన జాగ్రత్త. కూలెంటులో ఎథిలీన్ గ్లైకాల్ ఉంటుంది. అది తియ్యగా ఉంటుంది, విషం. కుక్కలు, పిల్లులు తియ్యదనానికి నాకుతాయి. నెమరు ఇంకా అలవాటుకాని పాలదూడలకు, పెద్ద గేదెలకంటె తక్కువ మోతాదే ప్రాణం మీదికి తెస్తుంది. కడుపులో చేరిన తరువాత అది మూత్రపిండాలను పాడుచేస్తుంది. మరమ్మతులు జరిగేది మన పెరట్లోనే, పక్కనే కొట్టం, కుడితి తొట్టి. కాబట్టి దించిన పాత కూలెంటును పశువుల తొట్టి దగ్గర, పేడదిబ్బ మీద, బావి పక్కన పారబోయవద్దు. పాతబకెట్టులో పట్టి, మూత ఉన్న డబ్బాలో పోసి, పేరు రాసి, వర్కుషాపు వారికి ఇవ్వండి. పాలక్యానులో మాత్రం ఒక్క నిమిషం కూడా పట్టవద్దు. ఆ క్యాను ఇక పాలకు పనికిరాదు. కూల్‌డ్రింకు సీసాలో పోసి ఉంచవద్దు, పచ్చటి రంగు చూసి పిల్లలు తాగుతారు. నేల మీద ఒలికితే ఇసుక చల్లి ఎత్తివేసి, ఆ చోటును నీళ్ళతో కడిగి, పశువులను ఆ పూటకు దూరంగా కట్టండి. దూడ తూలుతూ నడిచినా, ఊపిరి వేగంగా తీసినా, కూలెంటు తాగిందన్న అనుమానం ఉంటే ఆలస్యం చేయకుండా పశువుల డాక్టరు గారికి కబురు చేయండి, ఏమి తాగిందో తప్పక చెప్పండి. మనుషులకైతే నేరుగా పెద్దాసుపత్రి.

సంఘాల కార్యదర్శులకు మా మనవి ఒకటే. వేసవి రాకముందే, ఫిబ్రవరి చివరిలోనే, మీ సంఘానికి తిరిగే బండిని ఒక పూట ఆపి గొట్టాలు, మూత, బెల్టు, పంపు చూడమనండి. బండిలో ఒక విడి గొట్టం, రెండు క్లిప్పులు, సైకిలు ట్యూబు పట్టీలు, బైండింగు తీగ, స్క్రూడ్రైవరు, అయిదు లీటర్ల మంచినీళ్ళు ఎప్పుడూ ఉండాలి. బండి సంఘానిది కాదు, కిరాయిది అంటారేమో. పాలు మాత్రం మీవి కదా.

బయట వేపచెట్టు కింద ఒక పాత బండిని బానెట్ తెరిచి ఉంచాము. గొట్టం మార్చడం, ముగ్గుపిండి పరీక్ష చేసి చూపుతాము. ఆసక్తి ఉన్నవారు, ముఖ్యంగా డ్రైవరు సోదరులు, అక్కడికి రండి. ఇంజను ఆపి గంట దాటింది, ఈపాటికి చల్లారి ఉంటుంది.